పొరల మధ్య ఎర్ర కాగితం

గోడమీద ఆ మేకు ఖాళీగా ఉంది.

ఔరిస్తేలా రెండోసారి లెక్కపెట్టింది. పడవలశాల తూర్పు గోడకు వరసకు పన్నెండు చొప్పున మేకులు. ప్రతి మేకుకూ తీగతో కట్టిన గాజునార (ఫైబర్‌గ్లాస్) బిళ్ళ ఒకటి, నారింజ చక్రమంతది. పడవ పూర్తయ్యాక, లోపల చేరిన నీరు పోవడానికి అడుగున కన్నం తొలిస్తే ఊడివచ్చే ముక్క అది. పారేయవలసిన ఆ ముక్కను ఆమె భర్త ఫిదెల్ మొదటి పడవ నాటినుంచీ దాచాడు. బిడ్డకు బొడ్డు కోయడం ఎంతో పడవకు ఇదీ అంతే అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆ ఆచారం తప్పలేదు.

బిళ్ళ వెనుక పడవ పేరు, కట్టిన నెల ఉంటాయి. ముందువైపు నీలి పెన్సిలుతో గీసిన శిలువ ఉంటుంది. ఔరిస్తేలా పాత నాణెం ఒకటి పట్టుకుని పడవంతా అంగుళం అంగుళం తట్టి, చెవి ఒగ్గి విని, ఎక్కడా బోలు లేదని తేల్చాక గీసే గుర్తు అది. ఆ గుర్తు పడనిదే జరామిహో తీరంలో ఏ జాలరీ ఈ శాల పడవను నీళ్ళలోకి దింపడు.

ఖాళీ మేకు ‘పెరెగ్రీనా’ది.

పదకొండు రోజుల కిందట ఆ పడవ నడిసముద్రంలో విచ్చుకుపోయింది. ముగ్గురు వెళ్ళారు. ఇద్దరు పెట్రోలు డబ్బాలను కౌగిలించుకుని తేలి బతికారు. మూడోవాడు గబీనో, ఔరిస్తేలా ఒక్కగానొక్క అల్లుడు. మూడోనాటికి ఒడ్డుకు చేరాడు, ఊపిరి లేకుండా. ఇంట్లో అతని ఆత్మకోసం తొమ్మిది రోజుల జపమాల ప్రార్థన నడుస్తోంది. ఈ రోజు ఏడోది.

“ఈ బిళ్ళ ఏదిరా?” అంది ఆమె, వెనుకనుంచి మనిషి నీడ పడగానే.

కొడుకు ఎలోయ్ చేతిలో టైపు చేయించిన కాగితం ఉంది. “గాలికి పడుంటుంది. ముందు దీనిమీద సంతకం పెట్టమ్మా. పదకొండింటికి రేవు ఆఫీసు నుంచి ఆయన వస్తాడు.”

“మెలేసిన తీగ విప్పి, మళ్ళీ మేకుకే చుట్టిపెట్టి మరీ పట్టుకుపోయిందా గాలి?”

ఎలోయ్ కాగితం ముందుకు చాపాడు. ఆమె కాగితం తీసుకుని, కళ్ళద్దాలు సవరించుకుని, చివరిదాకా చదివింది. పెరెగ్రీనా నీటిలో తేలుతున్న దుంగను గుద్దుకుని పగిలిందనీ, నిర్మాణంలో ఏ లోపమూ లేదనీ, శాల యజమానురాలిగా తాను ధ్రువీకరిస్తున్నాననీ అందులో ఉంది. శాల ఇప్పటికీ ఆమె పేరనే ఉంది గనుక ఆమె సంతకం లేనిదే ఆ కాగితానికి విలువ లేదు.

బతికి వచ్చిన ఇద్దరూ ఇదే వాకిట్లో నిలబడి చెప్పిన మాట ఆమె గుర్తు చేసింది. ఏదీ తగల్లేదు, ఏ చప్పుడూ కాలేదు, కాళ్ళ కింద పడవ ఉల్లిపాయలా పొరలూడిపోయింది అన్నారు వాళ్ళు. చావు భయంలో ఉన్నవాళ్ళకు ఏం గుర్తుంటుందని ఎలోయ్ కొట్టిపారేశాడు.

“సరే, వాళ్ళని వదిలెయ్. పెరెగ్రీనా తర్వాత అదే అచ్చులో మూడు పడవలు తీశావు. అలల హెచ్చరిక ఎత్తేశారు గదా, ఆ మూడూ ఇవాళ మధ్యాహ్నం దిగుతున్నాయి. వాటిని ఆపు. పొట్ట కోసి చూద్దాం.”

“మూడు పడవలు ఆపితే ఊరంతా ఏమనుకుంటుంది? రేపటికి శాల మూతపడుద్ది. పదకొండు మంది పనివాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు ఏం తింటారు?”

“నువ్వు పదకొండు మంది అన్నం గురించి మాట్లాడుతున్నావు. నేను తొమ్మిది మంది ఊపిరి గురించి అడుగుతున్నా. పడవకి ముగ్గురు. లెక్క నువ్వే వేసుకో.”

ఎలోయ్ మొహం తిప్పుకుని, ఆమె కుడిపక్కకు నడుస్తూ, గొంతు తగ్గించి ఏదో అన్నాడు. ఔరిస్తేలా పలకలేదు. అతడు ఆగి ఒక క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో లెక్క సరిచూసుకున్న మనిషి చూపు అది.

తర్వాత గట్టిగా అన్నాడు. “నీకు ముందునుంచీ అల్లుడే కొడుకు. నేను జీతం లేని మేస్త్రీని. నాన్న కట్టినవన్నీ పడవలు, నేను కట్టినవి శవపేటికలు, అంతేనా? అంత చెడ్డవైతే ఆ మూడింట్లో ‘రోసియో’ నేనే ఎక్కుతా. ఒక్కణ్ణే వెళ్ళొస్తా. అప్పుడు పెడతావుగా సంతకం?”

ఆమె చేతిలోని కాగితం లాక్కుని అచ్చు అంచుమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ బెదిరింపును కోపంలో అన్న మాటగా ఆమె వదిలేసింది. చిన్నప్పుడు కూడా అంతే వాడు. తప్పు పట్టుబడితే అన్నం మానేస్తానని బెదిరించేవాడు, సాయంత్రానికి గిన్నె ఖాళీ చేసేవాడు.

*

వంటింట్లో కోడలు నార్సిసా పచ్చి అరటికాయలు తురుముతోంది. సాయంత్రం జపమాలకు వచ్చేవాళ్ళకు చేపముక్కలు పెట్టి వేయించే ఉండలకు ఆ తురుము. ఔరిస్తేలా మట్టిపొయ్యి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. ఏమీ అడగలేదు.

తురుము పళ్ళెం నిండింది. నార్సిసా ఇంకో కాయ అందుకుంది. ఆ కాయ కూడా అయిపోయింది. తురుముపీట మీద వేలు గీసుకుని రక్తం వచ్చినా నార్సిసా తల ఎత్తలేదు. పద్నాలుగేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర మెలిగిన ఇద్దరు ఆడవాళ్ళ మధ్య మౌనం కూడా ఒక రకం విచారణే. అందులో ముందు ఎవరు ఓడిపోతారో ఇద్దరికీ తెలుసు.

చివరికి నార్సిసా చేతులు తుడుచుకుని, పట్టకారుతో పొయ్యి కింది బూడిదలోంచి నల్లగా పొగచూరినదాన్ని రెండు ముక్కలుగా బయటకు తీసి, ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

“మీ అబ్బాయి కాల్చెయ్యమన్నాడు అత్తయ్యా. నిప్పుల్లో వేశా. కంపు కొట్టింది, నల్లబడింది, కాలదే. గాజు కాలుద్దా ఎక్కడన్నా? కాసేపటికి టప్‌మని ఇట్టా రెండయింది.”

ఔరిస్తేలా రెండు ముక్కలనూ తన నల్లగౌను అంచుతో తుడిచింది. బిళ్ళ విరగలేదు. మందంలో సరిగ్గా నడిమికి, నానిన శనగ గింజ రెండు బద్దలైనట్టు విడిపోయింది. విడిన ముఖం ఎలా ఉండాలో ఆమెకు తెలుసు. చీరుకుపోయిన గాజుపోగులతో, చింపిన గోనెలా గరుకుగా ఉండాలి. ఇది అద్దంలా మెరుస్తోంది. ఆ నున్నటి ముఖం మీద, పల్చటి జిగురు కింద బందీ అయి, గోరంత ఎర్ర కాగితం ముక్క ఉంది. కార్నివాల్‌లో పిల్లలు పిడికిళ్ళతో చల్లే రంగు కాగితం.

ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

అయినా నార్సిసా చెప్పింది. కార్నివాల్ ముందు శుక్రవారం పెరెగ్రీనాకు బయటి పొరలు వేశారు. శనివారం నుంచి ఊరంతా నీళ్ళూ పిండీ చల్లుకునే గోల. శాల తలుపులు తెరిచే ఉన్నాయి. పిల్లలు అచ్చులోకి దూరి ఆడారు. విభూది బుధవారం నాడు నుదుట బూడిదతో పనివాళ్ళు తిరిగి వచ్చేసరికి పొరలను అతికే రెసిన్ జిగురు రాయిలా బిగుసుకుపోయింది. తడి ఆరకముందే మీద పొర వేస్తే కిందిదాన్ని కరుచుకుని రెండూ ఒకే ఒళ్ళవుతాయి. బిగిశాక వేయాలంటే ఆ మెరుపంతా అరగదీయాలి, గరుకు చేయాలి, దుమ్ము కడగాలి, ఆరబెట్టాలి. ఇద్దరు మనుషులకు రోజంతా పట్టే పని. గాజుపొడి చర్మంలో దిగి వారం రోజులు దురద పెట్టే పని. మాంసం ముట్టని పవిత్ర వారానికి చేపలకు గిరాకీ, ఆలోగా పడవ కావాలని గబీనో తొందర. ఎలోయ్ ఒక తడిగుడ్డతో తుడిపించి పొర వేయించేశాడు.

“అయినా నిలబడిందిగా పడవ, చూడముచ్చటగా. అప్పటినుంచి శనివారం సగం వేసి సోమవారం మిగతాది వెయ్యడం మొదలెట్టారు. అరగదీసుడే మానేశారు. ఆ మూడూ అట్టాంటివే అత్తయ్యా.”

మొదటిసారి తప్పు, రెండోసారి వీలు, మూడోసారి పద్ధతి. పాపం మనుషుల ఇళ్ళల్లోకి ఎప్పుడూ ఆ మెట్లమీదుగానే దిగుతుంది.

“నీకు తెలిసీ నాతో ఒక్క మాట అనలేదే?”

“మీరు తట్టి బాగుందన్నారు. మీరన్నాక నేనెవర్ని?” నార్సిసా మళ్ళీ అరటికాయ అందుకుంది. “ఇంకోటి కూడా చెప్పేస్తా, తిట్టండి. ఆయనకి తెలుసు. కుడిపక్కన నిలబడి పిలిస్తే మీరు పలకరని ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు.”

ఔరిస్తేలా చేతిలో ఉన్న బిళ్ళను తిప్పింది. మసి కింద నీలి శిలువ చెక్కుచెదరకుండా ఉంది.

*

“ఆ గుర్తు నీదేగా?”

గుమ్మంలో మిరెయా నిలబడి ఉంది. ముప్ఫైరెండేళ్ళ కూతురు ఈ పదకొండు రోజుల్లో నలభై ఐదేళ్ళ మనిషయింది. భర్తను పూడ్చిననాటినుంచి జపమాల చదవడానికి తప్ప నోరు విప్పనిది ఇప్పుడు వచ్చి, తల్లి చేతిలోంచి ఆ సగం బిళ్ళ తీసుకుని, వెలుతురులో పెట్టి చూసింది.

“నాదే.”

“ఎంతసేపు తట్టావు పెరెగ్రీనాని?”

“పొద్దున మొదలెడితే మధ్యాహ్నం దాకా.”

“నడిమికి అంత బోలు ఉంటే నీకు వినపడలేదా? నాన్న నీకంటే గొప్ప చెవి ఈ తీరంలో లేదనేవాడు.”

దానికి ఔరిస్తేలా జవాబు వెతుక్కుంటుండగానే మిరెయా లోపలి గదిలోకి వెళ్ళి, తండ్రి చేసిన పలకను తెచ్చింది. మూరెడు పొడవున్న గాజునార పలక అది. ఒక సగాన్ని ఫిదెల్ పొరపొరా నొక్కి నిండుగా చేశాడు. రెండో సగంలో పొరల మధ్య కావాలని నూనె కాగితం పెట్టి బోలు ఉంచాడు. మంచివైపు నాణెంతో కొడితే గంటలా మోగుతుంది. చెడ్డవైపు తడిసిన అట్టలా దబ్‌మంటుంది. పెళ్ళయిన కొత్తలో ఔరిస్తేలాకూ, తర్వాత పిల్లలిద్దరికీ ఆయన చెవులు సాన పెట్టింది దానిమీదే.

“అటు తిరుగమ్మా. నాణెం ఇలా ఇవ్వు.”

ఔరిస్తేలా మెడలోని తాడు తీసి, అరిగిన, ఇప్పుడు చెల్లని పాత సుక్రే నాణెం కూతురి చేతిలో పెట్టింది. గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె వీపు ఎప్పటిలాగే నిటారుగా ఉంది.

కొంతసేపు గడిచింది. “చెప్పు,” అంది మిరెయా, గట్టిగా.

“మంచివైపు.”

మళ్ళీ ఆగింది. “ఇప్పుడు?”

“చెడ్డవైపు.”

మూడోసారి ఎక్కువసేపు ఆగింది. ఔరిస్తేలా గోడమీద పొయ్యి వెలుగును చూస్తూ, ఆ వెలుగులో నార్సిసా నీడ కదలడం గమనించి, “మంచివైపు” అంది.

 ఆమె మెల్లగా వెనుదిరిగింది. నార్సిసా కొంగులా పట్టుకున్న తువ్వాలుతో మొహం కప్పుకుంది. మిరెయా నాణేన్ని పలకమీద పెట్టేసి చేతులు కట్టుకుని ఉంది.

“మొదటి రెండూ చెడ్డవైపే కొట్టా. మూడోసారి అసలు కొట్టలేదమ్మా.”

పొయ్యిలో ఒక బొగ్గు విరిగిపడింది. అదైనా వినపడిందో లేదో.

ఔరిస్తేలా చెప్పింది, చర్చిలో ఒప్పుకోలు గదిలో పాదిరి ముందు చెప్పినట్టు, ఏదీ దాచకుండా, ఏదీ తగ్గించకుండా. రెండేళ్ళయింది. ముందు కుడి చెవి, తర్వాత ఎడమది సగం. మొదట్లో వేళ్ళకు తగిలే అదురును బట్టి పోల్చుకుంది. తర్వాత చుట్టూ నిలబడ్డ పనివాళ్ళ మొహాలు చూసి పోల్చుకుంది. వాళ్ళు నిశ్చింతగా ఉంటే తానూ నిశ్చింతగా గుర్తు గీసింది. వాళ్ళు ఆమె చెవులను నమ్ముకుని నిశ్చింతగా ఉన్నారని ఆమెకు తోచలేదు. తోచినా మనసులో నిలవనివ్వలేదు.

“ఎందుకు చెప్పలేదు?”

“మీ నాన్న పోయాక ఈ ఇంట్లో నాకంటూ మిగిలింది ఆ చెవులేనే. అవీ లేవంటే పొయ్యిదగ్గర ముసలమ్మని.”

మిరెయా తల ఊపింది. ఏడవలేదు. “గబీనో ఎవరు పడితే వాళ్ళ మాట వినేవాడు కాదు. ఇంజను కూడా తనే విప్పి చూసుకునేవాడు. ఈ ఒక్కదాన్నే నమ్మాడు.” బిళ్ళమీద నీలి శిలువను బొటనవేలితో తాకింది. “ఈ సాయంత్రం జపమాల నువ్వు నడిపించొద్దు. నేను చదువుకుంటా.”

ఔరిస్తేలాకు అంతకంటే పెద్ద శిక్ష వేయగల న్యాయస్థానం ఆ దేశంలో లేదు. ఆమె దాన్ని తల వంచి తీసుకుంది. తర్వాత లేచి, శాలలోకి వెళ్ళి, అచ్చు అంచుమీద కొడుకు వదిలిన కాగితం తెచ్చి, దాన్ని తిరగేసి, వెనుక తెల్లవైపున తన గుండ్రటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది.

రేవు అధికారి పదకొండుకు ఐదు నిమిషాలు ఉన్నాయనగా వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, దుఃఖంలో ఉన్న ఇంటికి చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, సంతకం ఎక్కడుందని అడిగాడు. ఔరిస్తేలా ఆయనకు కాగితం వెనుకవైపు చూపించింది. దానిమీద రెండు బిళ్ళముక్కలూ పెట్టింది.

“నేరం ఎవరిదని రాసే చోట మొదటి పేరు నాది రాయండి అయ్యా. వినపడకుండానే వినపడిందన్నాను. రెండో పేరు నా కొడుకుది. నాకు వినపడదని తెలిసి, దాన్ని అదనుగా తీసుకుని పని చెడగొట్టాడు. అవన్నీ తీరిగ్గా రాసుకోవచ్చు. ముందు రండి, ఒడ్డున మూడు పడవలు ఆపాలి.”

ఆయన ఎర్ర కాగితం ముక్క వంక చూశాడు. ఒకసారి గోటితో గీకి చూశాడు. కాఫీ తెస్తున్న నార్సిసాకు చేయి అడ్డంపెట్టి లేచాడు.

*

ఇంటినుంచి ఒడ్డుకు నాలుగు వీధులు. ఔరిస్తేలా ముందు, మిరెయా ఆమె ఎడమపక్కన, వెనుక అధికారి. గుమ్మాల్లో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఏడోరోజు ప్రార్థన కాకముందే విధవ వీధిలోకి వచ్చిందేమిటని ఎవరో అన్నారు. 

వారం తర్వాత తెరిచిన సముద్రం నిగనిగలాడుతోంది. ఇసుకమీద మంచుగడ్డల బండి, ఎర చేపల గంపలు, గాలిలో రాబందులంత ధైర్యంగా తిరిగే పెలికాన్ పక్షులు. నీటి అంచున కొత్త తెల్లరంగుతో ఈ శాల పడవలు.

ఔరిస్తేలా లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది, పొద్దున గోడ దగ్గర లెక్కపెట్టినట్టే.

రెండే ఉన్నాయి.

మూడోదాని చోట, పడవను దొర్లించిన దుంగలు ఇసుకలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటి మధ్యనుంచి లోతైన గాడి ఒకటి తిన్నగా నీళ్ళలోకి దిగిపోయింది. అల వచ్చి దాని కొసను అప్పుడే కొంచెం చెరిపింది.

శాలలో ముప్ఫై ఏళ్ళుగా పొరలు నొక్కే రోలరు పట్టిన తెయోదులో దుంగలు పోగుచేస్తూ వీళ్ళను చూసి నడుం ఎత్తాడు. అధికారిని చూసి టోపీ తీశాడు. అతడు ఏదో చెప్పాడు, చేత్తో సముద్రం వైపు చూపిస్తూ, నవ్వబోయి ఆగుతూ. గాలి వాళ్ళకు ఎదురుగా వీస్తోంది. ఔరిస్తేలాకు పెదవులు కదలడం కనిపించింది, అంతే.

ఆమె కూతురి వైపు తిరిగింది. మిరెయా మొహంలో రక్తం లేదు.

“ఏమంటున్నాడు?”

మిరెయా తల్లి ఎడమ చెవి దగ్గరకు నోరు తెచ్చి, ఒక్కొక్క మాటే, వినపడేలా చెప్పింది.

“రోసియోలో ఎలోయ్ ఒక్కడే వెళ్ళాడంట. రేడియో కూడా పట్టుకెళ్ళలేదంట. తీరం కొమ్ము దాటి చుట్టి వస్తానన్నాడంట. జాగ్రత్త అంటే, అమ్మ తట్టి సరేనన్న పడవే కదా, అన్నాడంట.”